అల్లుడి ఎలుకలు

గోదాములో ఎలుకలు ఉన్నంతకాలం తన ఉద్యోగానికి ఢోకా లేదని బోను మేస్త్రికి గట్టి నమ్మకం. ఎలుకలు ఎప్పటికీ ఉంటాయని ఇంకా గట్టి నమ్మకం. ఇరవై ఆరేళ్ళుగా ఈ రెండు నమ్మకాల మీదే ఆయన మీసం నిటారుగా నిలబడింది.

అది ధాన్యం గోదాము. ఆరు పెద్ద గదులు, ఒక్కో గదిలో కప్పు తాకేలా బస్తాలు, మధ్యలో మనిషి పక్కకి తిరిగితే గానీ పట్టని సందులు. గేటు పక్కన రేకుల గది మీద ‘మూషిక నిర్మూలన విభాగం’ అని బోర్డు ఉండేది. విభాగంలో ఏడుగురు. మేస్త్రి, ఆయన కింద బోనులు పెట్టే ఐదుగురు, ఏడో మనిషి ఆయన భార్య. హాజరు పుస్తకంలో మిగతావాళ్ళ పేర్లకి ఎదురుగా హోదాలు ఉండేవి. ఆవిడ పేరుకి ఎదురుగా మాత్రం ‘ఇతరములు’ అని ఉండేది. గోదాములో అందరూ ఆవిణ్ణి చీపురమ్మ అనేవారు.

చీపురమ్మ పని సాయంత్రం లారీలు ఖాళీ అయ్యాక మొదలయ్యేది. హమాలీల కొక్కేలకి చిరిగిన బస్తాల్లోంచి కారిన గింజలు ఊడ్చేది. వాటిని చేటలో చెరిగి మళ్ళీ బస్తాల్లో పోసేది. చిరిగిన చోట దబ్బనంతో, పురికొసతో కుట్టేది. గోడలో కన్నం కనిపిస్తే కాస్త సిమెంటు తడిపి మెత్తేది. పొద్దున్నే బోనులకి ఎర కూడా ఆవిడే చేసేది. రొట్టెముక్కలు నూనెలో దోరగా వేయించి, నూరిన వేరుశనగ ముద్ద అద్దేది. ఇన్ని చేస్తున్నా ఇందులో దేనికీ కాగితం మీద ఒక పేరంటూ లేదు కాబట్టి, ఆవిడ ఏదో కాలక్షేపానికి వస్తోందని అందరూ అనుకునేవాళ్ళు. అందరికంటే గట్టిగా మేస్త్రి అనుకునేవాడు.

ఆయన దృష్టిలో పనంటే పట్టడం. రేకుల గదిలో గోడకి అద్దం కట్టించిన ప్రశంసాపత్రం ఒకటి వేలాడేది. మామూలుగా రోజుకి నలభై ఎలుకలు పడేవి. పదకొండేళ్ళ కిందట ఒక ఏడు మాత్రం రోజుకి నూట ఇరవై చొప్పున పడ్డాయి, ఆ పత్రం దానికి వచ్చిందే. సరిగ్గా ఆ ఏడే మేస్త్రి బోనుల తలుపులకి కొత్త స్ప్రింగులు వేశాడు. అంతా స్ప్రింగుల మహిమ అని చెప్పేవాడు. కాదు, మీ మహిమే అని ఎదుటివాళ్ళు అనేదాకా చెబుతూనే ఉండేవాడు.

ఇలా ఉండగా పైఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. గోదాములో ఎన్ని ఎలుకలున్నాయో లెక్కకట్టి, ఈ విభాగం ఉండాలో వద్దో తేల్చడానికి ఒక జీవావరణ శాస్త్రవేత్త వస్తున్నాడట. మేస్త్రి గుండెల్లో రాయి పడింది. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్ళుంది. బోనులు తప్ప ఆయనకి ఇంకో విద్య రాదు. మర్నాడు శాస్త్రవేత్త ఎవరో తెలిశాక ఆ రాయి కాస్త పక్కకి జరిగింది గానీ పూర్తిగా పోలేదు. వస్తున్నది సాక్షాత్తూ ఆయన అల్లుడు. ఇందులో ఎవరి పైరవీ లేదు. అల్లుడు పనిచేసే సంస్థలో శాస్త్రవేత్తలు ఉన్నదే ఇద్దరు, రెండో ఆయన చేపల మనిషి.

“సొంత అల్లుడు. మనకి అన్యాయం చేస్తాడా?” అన్నాడు మేస్త్రి భార్యతో.

“అల్లుడు మంచివాడే. చదువే కాస్త ఎక్కువ” అంది ఆవిడ.

అల్లుడు సన్నగా పొడుగ్గా ఉంటాడు, ప్రతి మాటకీ ముందు కళ్ళజోడు తుడుచుకుంటాడు. మొదటిరోజు రేకుల గదిలో కూర్చుని, మామగారిచ్చిన టీ తాగుతూ అడిగాడు.

“రోజుకి ఎన్ని పడతాయి మామయ్యగారూ?”

“నలభై. ఒకటి అటూ ఇటూ.”

“ఇరవై ఆరేళ్ళ నుంచీ?”

“ఇరవై ఆరేళ్ళ నుంచీ” అన్నాడు మేస్త్రి ఛాతీ విరుచుకుని.

“మరి తగ్గలేదేం?”

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. మేస్త్రీ తనకి తాను వేసుకోలేదు. అల్లుడు కళ్ళజోడు తుడుచుకుని, తరగతి గదిలో చెప్పినట్టు మెల్లగా చెప్పాడు.

“ఏ జంతువైనా సరే, ఒక చోట ఇన్నే బతకగలవని ఒక హద్దుంటుందండీ. అక్కడ దొరికే తిండి, నీళ్ళు, దాక్కునే చోటు, తినేసే శత్రువులు, ఇవన్నీ కలిసి ఆ హద్దు గీస్తాయి. మీరు నలభై చంపారనుకోండి. ఆ నలభై తినాల్సింది మిగిలినవాటికి దొరుకుతుంది. ఆరు పిల్లల్ని కనే తల్లి తొమ్మిదిని కంటుంది. పుట్టినవాటిలో చచ్చేవీ తగ్గుతాయి. మళ్ళీ హద్దు దాకా నిండిపోతాయి. మళ్ళీ మీరు నలభై పడతారు.”

“అంటే?”

“పాలు పితికినట్టన్నమాట. ఆ లెక్కన చూస్తే ఇన్నేళ్ళూ మీరు ఎలుకల్ని తగ్గించలేదు మామయ్యగారూ. పోషించారు.”

ఈ మాట ఇంకెవరైనా అని ఉంటే మేస్త్రి ఒంటికాలి మీద లేచేవాడు. అన్నవాడు అల్లుడైపోయాడు. “టీ చల్లారిపోతోంది అల్లుడుగారూ” అని మాత్రం అనగలిగాడు.

రెండో రోజు అల్లుడు మామగారిని వెంటబెట్టుకుని గదులన్నీ తిరిగాడు. మూడో నంబరు గదిలో ఒక బస్తా మీద కూర్చుని, పట్టిన ఎలుకల లెక్కలున్న పాత పుస్తకాలు తిరగేశాడు. పక్కనే చీపురమ్మ ఊడుస్తూ వచ్చింది. “కాస్త కాళ్ళెత్తు నాయనా” అంది. “అయ్యో, చెయ్యండి అత్తయ్యగారూ” అని అల్లుడు మర్యాదగా కాళ్ళు పైకెత్తి, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే కూర్చున్నాడు. ఆవిడ కింద పడిన గింజలు ఊడ్చుకుని వెళ్ళిపోయింది. అల్లుడు కాళ్ళు దించి, అప్పుడే ఏదో తట్టినట్టు లేచి నిలబడ్డాడు.

“నిన్న తొందరపడ్డాను మామయ్యగారూ! ఇక్కడ తిండి కొండలా పడి ఉంది. ఆరు గదుల నిండా ధాన్యమే. తిండే హద్దయితే ఈపాటికి ఎలుకలు లక్షల్లో ఉండాలి. లేవు. అంటే వాటిని ఆపుతున్నది తిండి కాదు, శత్రువు. ఆ శత్రువు ఎవరు? మీరు! ఆ నూట ఇరవై పడ్డ ఏడు చూడండి. ఏం చేశారు ఆ ఏడు?”

“కొత్త స్ప్రింగులు వేశానండీ.”

“అదీ! ఆ దెబ్బకి మరుసటేడు మళ్ళీ నలభైకి దిగింది. అడవిలో జింకలకి పులి ఎలాగో, ఈ గోదాముకి మీరలాగ.”

మేస్త్రి ఆ రోజు ఇంటికి పులిలాగే నడిచి వెళ్ళాడు. అల్లుడన్న మాట భార్యకి మూడుసార్లు చెప్పాడు. మూడోసారికి ఆవిడ, “సరే పులిగారూ, ఆ కూరల బుట్ట కాస్త అందుకోండి” అంది.

ఇక లెక్కింపు మొదలైంది. అల్లుడి పద్ధతి తేలికగానే అర్థమైంది. ఒక బస్తాలో ఎన్ని గింజలున్నాయో తెలియదు. గుప్పెడు తీసి రంగు పూసి మళ్ళీ బస్తాలో కలిపెయ్యాలి. తర్వాత ఇంకో గుప్పెడు తియ్యాలి. అందులో రంగు గింజలు ఎక్కువ కనిపిస్తే బస్తాలో మొత్తం గింజలు తక్కువ, రంగువి తక్కువ కనిపిస్తే మొత్తం ఎక్కువ. ఎలుకలకి రంగు బదులు చెవికి చిన్న రేకు కమ్మ, దాని మీద నంబరు.

“ఎలుకలకి కమ్మలేమిటండీ, పెళ్ళికి పంపుతున్నామా?” అన్నాడు మేస్త్రి. అయినా అరవై బోనులు పెట్టి, పడిన అరవై ఎలుకలకీ కమ్మలు తగిలించి వదిలిపెట్టాడు. చేతికి చిక్కిన ఎలుకని వదలడం పుట్టి బుద్ధెరిగాక ఆయనకి అదే మొదటిసారి.

“రెండు వారాలు బోనులు మూసి ఉంచండి. అవి అన్నిట్లో కలిసిపోవాలి. నేను వచ్చాక మళ్ళీ పడదాం” అని చెప్పి అల్లుడు వెళ్ళాడు.

అల్లుడు అటు వెళ్ళగానే మేస్త్రికి బెంగ పట్టుకుంది. చెవి కుట్టించుకున్న ఎలుక మళ్ళీ బోను మొహం చూస్తుందా? ఒక్కటీ పడకపోతే అల్లుడి పరువేం కాను? పైఆఫీసులో ఏమని చెప్పుకుంటాడు? భార్యతో అంటే ఆవిడ కూడా నిజమేనంది. అల్లుడు చేపట్టిన పని. చేతనైన సాయం చెయ్యకపోతే బాగుండదు. ఇద్దరూ కలిసి ఒక ఉపాయం పన్నారు. బోనుల తలుపులు పడకుండా తాడుతో కట్టేసి, లోపల రోజూ ఎర పెట్టారు. మామూలు ఎర కాదు. అల్లుడి ఎలుకలు కదా అని చీపురమ్మ నూనె రెండింతలు పోసి, వేరుశనగ ముద్ద బొటనవేలంత మందాన అద్దింది. ఎలుకలు వచ్చాయి, తిన్నాయి, వెళ్ళాయి, మర్నాడు మళ్ళీ వచ్చాయి. ముప్పై ఒకటో నంబరు కమ్మ ఉన్న మొండితోక ఎలుకైతే, మేస్త్రి ఎర పెడుతుంటేనే పక్కన కూర్చుని చూసేది. బోనుల దగ్గరకి కొత్తగా వచ్చే ఏ ఎలుకనీ రానివ్వకుండా అది తరిమికొట్టడం కూడా ఆయన చూశాడు.

అల్లుడు తిరిగొచ్చాక తాళ్ళు విప్పి బోనులు పెట్టారు. అరవై పడ్డాయి. యాభైకి కమ్మలున్నాయి. అల్లుడు లెక్క వేసి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ లెక్క వేశాడు.

“మొత్తం గోదాములో డెబ్బై రెండు ఎలుకలు!” అన్నాడు. “ఇరవై ఆరేళ్ళలో మీరెంత పని చేశారో మీకు తెలీదు మామయ్యగారూ.”

తెలుసు. మేస్త్రికి తెలుసు. ఎలుక కాలి చప్పుడు విని వయసు చెప్పగల మనిషి ఆయన. ఆరు గదుల్లో తక్కువలో తక్కువ వెయ్యి ఉంటాయని ఆయనకి తెలుసు. గింజకి గుప్పిట అంటే ప్రేమ ఉండదు, చేతిని వెతుక్కుంటూ రాదు. ఈ యాభై మాత్రం వెతుక్కుంటూ వచ్చాయి. చెబుదామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే అల్లుడు వంగి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. తెరిచిన నోరు నవ్వుగా మారిపోయింది.

“డెబ్బై రెండేమిటి?” అంది ఇంటికొచ్చాక భార్య. “ఒక్క మూడో నంబరు గదిలోనే అంతకంటే ఎక్కువుంటాయి. పాపం, వాటికి తిండి పెట్టామని అల్లుడికి చెప్పారా?”

“లెక్కలు నీకేం తెలుసు? ఊరుకో.”

ఆవిడ ఊరుకుంది. ఊరుకోవడంలో ఆవిడకీ ఇరవై ఆరేళ్ళ అనుభవం ఉంది.

నెల తిరక్కుండా గోదాము ఆవరణలో సభ పెట్టారు. మేనేజరు మేస్త్రిని పొగిడి, అద్దం కట్టించిన రెండో ప్రశంసాపత్రం చేతిలో పెట్టాడు. ఆ వెంటనే ఒక కవరు కూడా ఇచ్చాడు. డెబ్బై రెండు ఎలుకలకి ఏడుగురు మనుషులు అనవసరమని పైఆఫీసు తేల్చింది. విభాగం ఎత్తేశారు. బోనులు పెట్టే ఐదుగురినీ కాటా దగ్గర వేశారు. మేస్త్రిని, ‘ఇతరములు’ అని రాసి ఉన్న మనిషినీ ఇంటికి పంపేశారు. అల్లుడు తెల్లబోయాడు. తన నివేదికలో ఒక వాక్యం ఉంది, వేట దొరకనిచోట వేటగాళ్ళు తగ్గిపోవడం ప్రకృతి సహజమని. రాసేటప్పుడు అది మామగారికి తగులుతుందని అతనికి తట్టలేదు. పైఆఫీసుకి మాత్రం ఆ ఒక్క వాక్యమే అర్థమైంది.

మేస్త్రి రెండు పత్రాలూ తెచ్చుకుని ఇంట్లో గోడకి తగిలించాడు. చాలా రోజులు వాటి కింద కుర్చీలో బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. నిజం చెప్పకుండా మింగినందుకు తగిన శాస్తే జరిగిందని లోపల్లోపల తెలుసు. పైకి మాత్రం వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెప్పేవాడు. “చూస్తూ ఉండండి. పులిని వెళ్ళగొట్టారు. ఇక జింకల రాజ్యమే. ఆర్నెల్లు తిరక్కుండా మేనేజరు మన గుమ్మంలో ఉంటాడు.”

ఆర్నెల్లు అక్కర్లేకపోయింది. అయిదో నెలలోనే మేనేజరు వచ్చాడు. కుర్చీ వెయ్యకముందే మొదలుపెట్టాడు. పట్టపగలే ఎలుకలు తిరుగుతున్నాయి, ఆఫీసు బల్ల సొరుగులో ఈనాయి, హమాలీలు బస్తా ఎత్తితే కింద సగం ఖాళీ. మేస్త్రి ఎంతో విచారంగా తలూపుతూ విన్నాడు. ఆయన మొహంలో అంత ఆనందం ఆయన పెళ్ళినాడు కూడా లేదని తర్వాత భార్య అంది.

మేస్త్రి మీసం మెలేసుకుని గోదాములో అడుగు పెట్టాడు. ఆ ఐదుగురినీ కాటా దగ్గర నుంచి వెనక్కి తెచ్చారు. రెండొందల బోనులు పెట్టారు. ఎర మాత్రం చీపురమ్మే ఇంటి దగ్గర చేసి పట్టుకొచ్చేది. ఆవిణ్ణి పనిలోకి తీసుకోవడం ఎవరికీ గుర్తు రాలేదు. రోజుకి నూట యాభై పడ్డాయి. పాత రికార్డు బద్దలైంది. మేస్త్రి చేతులు దులుపుకుంటూ తిరిగాడు.

నెల గడిచినా ఎలుకలు తగ్గలేదు.

అల్లుడు తల వంచుకుని వచ్చాడు. డెబ్బై రెండు లెక్క ఎలా తప్పిందో అర్థం కాక మనిషి సగమైపోయాడు. రేకుల గదిలో పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాడు.

“మామయ్యగారూ, ఇప్పుడు నూట యాభై పడుతున్నాయి, పదకొండేళ్ళ కిందట నూట ఇరవై పడ్డాయి. అప్పుడు కొత్త స్ప్రింగులన్నారు. ఇప్పుడున్నవి పాత స్ప్రింగులే కదా?”

మేస్త్రి ఏదో అనబోయే లోపు, ఎర గిన్నె పట్టుకుని వచ్చిన చీపురమ్మ అందుకుంది. “ఏ ఏడు నాయనా? నా మణికట్టు విరిగిన ఏడా? ఎనిమిది నెలలు కట్టుతో ఇంట్లోనే ఉన్నాను. తిరిగొచ్చి చూద్దును కదా, నేలంతా గింజలే. ఇప్పుడూ అలాగే ఉంది. కాలు పెడితే కరకరమంటోంది.”

అల్లుడు కళ్ళజోడు తీశాడు గానీ తుడవడం మర్చిపోయాడు. మళ్ళీ పెట్టుకుని, గదులన్నీ తిరగడానికి వెళ్ళాడు. ఈసారి బస్తాలు చూడలేదు, పుస్తకం చూడలేదు. కింద చూశాడు. అరికాళ్ళ కింద గింజలు, గోడల్లో పిడికిలి పట్టే కన్నాలు, కుట్టే దిక్కులేక నోళ్ళు తెరుచుకున్న బస్తాలు. ఊడవడం ఎవరి పనో కాగితంలో రాయలేదు కాబట్టి అయిదు నెలలుగా అది ఎవరి పనీ కాలేదు.

“అత్తయ్యగారూ,” అన్నాడు తిరిగొచ్చి, “ఆ రోజు నన్ను కాళ్ళెత్తమన్నారు. ఎత్తాను. కింద ఏముందో చూశాను కాదు.”

అల్లుడు నిజాయితీపరుడు. తెలిసిందని సరిపెట్టుకోకుండా తేల్చాలన్నాడు. మొదటి మూడు గదులూ చీపురమ్మకి ఇచ్చాడు. ఒక్క బోను కూడా ఉండదు, చీపురు, దబ్బనం, సిమెంటు మాత్రమే. మిగతా మూడూ మేస్త్రికి, ఐదుగురు మనుషులతో, రెండొందల బోనులతో. గదుల మధ్య తలుపుల కింద రేకులు బిగించారు. లెక్కకి ఈసారి కమ్మలు లేవు, ఎర లేదు. వారానికోసారి నేల మీద పలచగా సుద్దపొడి చల్లి, పొద్దున్నే అడుగుజాడలు లెక్కపెట్టడమే. రెండు నెలల గడువు. మేనేజరు ఇంకో మాట కలిపాడు. రెండు పద్ధతులూ భరించలేం, ఎవరి గదుల్లో తగ్గితే ఆ పనే ఉంటుంది, రెండోది ఉండదు అన్నాడు.

అంటే పోటీ భార్యతో. మేస్త్రి మొదట పకపకా నవ్వాడు. రెండో వారం నవ్వు తగ్గింది. నాలుగో వారం అల్లుడి దగ్గరకి వెళ్ళాడు.

“దాని గదుల్లోంచి ఎలుకలు నా గదుల్లోకి వలస వస్తున్నాయండీ.”

“రేకులు బిగించాం కదండీ. అయినా వస్తే రానివ్వండి, పులికి మంచిదేగా” అన్నాడు అల్లుడు.

ఆరో వారానికి చీపురమ్మ గదుల్లో అడుగుజాడలు సగానికి పడిపోయాయి. మేస్త్రి గదుల్లో రోజుకి నూట యాభై పడుతూనే ఉన్నాయి, సుద్దపొడి మీద ఎప్పట్లాగే తిరనాళ్ళు జరుగుతూనే ఉన్నాయి. పాలు పితికినట్టన్న మాట ఆయన చెవిలో గింగురుమంది. ఇంట్లో భార్య ఎప్పట్లాగే వడ్డించింది, ఎప్పట్లాగే మాట్లాడింది. గెలుస్తున్నానన్న చిన్న నవ్వయినా నవ్వితే కోప్పడి తేలిక పడేవాడు. ఆవిడ ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఏడో వారం ఒక మధ్యాహ్నం మేస్త్రి చెయ్యకూడని పని చేశాడు. జేబుల నిండా ధాన్యం పోసుకుని, ఎవరూ చూడకుండా రెండో నంబరు గదిలోకి వెళ్ళాడు. సందుల్లో నడుస్తూ గుప్పెడు గుప్పెడు జారవిడిచాడు. ఇరవై ఆరేళ్ళు ఎలుకల మీద పగబట్టిన మనిషి ఆ రోజు ఎలుకలకి వడ్డన చేశాడు. సందు మలుపు తిరిగేసరికి భార్య కనిపించింది. ఒక బస్తా ముందు చతికిలబడి దబ్బనం గుచ్చుతోంది. ఎప్పుడో విరిగిన మణికట్టుని రెండో చేత్తో పట్టుకుని మరీ నొక్కుతోంది. ఆ చెయ్యి ఇంకా నొప్పి పెడుతుందని ఆయనకి తెలియదు. పదకొండేళ్ళుగా అడగలేదు.

ఆవిడ తలెత్తి ఆయన్ని చూసింది. ఆయన వెనకాల సన్నగా పరుచుకున్న గింజల బారు చూసింది. లేచి, చీపురు తీసుకుని, ఆ చివర నుంచి ఈ చివర దాకా ఊడ్చుకుంటూ ఆయన కాళ్ళ దగ్గరకి వచ్చి ఆగింది.

“ఏమండీ, మీ జేబుకి చిల్లు పడినట్టుంది” అంది. “సాయంత్రం ఆ చొక్కా ఇలా ఇవ్వండి, కుట్టేస్తాను.”

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. జేబులో మిగిలిన గింజలు ఆవిడ చేటలో పోసి, తిన్నగా అల్లుడి దగ్గరకి వెళ్ళాడు. కట్టేసిన తలుపులు, రెండింతల నూనె, మొండితోక, అన్నీ చెప్పేశాడు. ఈ రోజు జేబు సంగతి కూడా చెప్పాడు.

అల్లుడు చాలాసేపు కళ్ళజోడు తుడిచాడు. “అంటే ఆ డెబ్బై రెండూ...”

“గోదాములో ఎలుకలు కావండీ. మీ అత్తయ్యగారి చేతివంట మరిగిన ఎలుకలు.”

అల్లుడు నవ్వాడు. తన పద్ధతి తప్పు కానందుకు నవ్వాడో, అత్తగారి వంట గెలిచినందుకు నవ్వాడో గానీ, ఆ నవ్వులో మామగారి మీద కోపం లేదు.

గడువు ముగిసింది. కొత్త నివేదిక వెళ్ళింది, కొత్త ఉత్తర్వు వచ్చింది. బోర్డు మారింది. ‘పారిశుద్ధ్య విభాగం’. హాజరు పుస్తకంలో మొదటి వరసలో చీపురమ్మ పేరు, ఎదురుగా ‘పర్యవేక్షకురాలు’. ఆవిడ కింద నలుగురు సహాయకులు. దరఖాస్తులు చూసి ఆవిడే ఎంపిక చేసుకోవాలి. మూషిక నిర్మూలన సంగతి ఉత్తర్వులో ఎక్కడా లేదు.

ఆ ఆదివారం పొద్దున మేస్త్రి గోడ మీంచి ప్రశంసాపత్రాలు రెండూ దించాడు. వాటి వెనక గోడలో చిన్న కన్నం ఉంది. దాన్ని ఆయనే సిమెంటు తడిపి మెత్తాడు. తర్వాత చేతులు కడుక్కుని, బల్ల దగ్గర కూర్చుని దరఖాస్తు ఫారం ముందేసుకున్నాడు. పేరు రాశాడు, వయసు రాశాడు. ఒక గడి దగ్గర కలం ఆగింది.

“ఇదిగో, ఊడ్చే పనిలో అనుభవం ఎంతని అడుగుతున్నారు. ఏం రాయను?” అన్నాడు వంటింటి వైపు చూసి.

“ఏమీ లేదని రాయండి. అబద్ధాలొద్దు.”

“మరి ఇరవై ఆరేళ్ళు బోనులు పెట్టాను కదా. అది ఏ గడిలో రాయను?”

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయన భుజం మీదుగా వంగి ఫారం అంతా చదివింది. అన్నిటికంటే కింద, సంతకానికి కాస్త పైన ఉన్న చిన్న గడి మీద వేలు పెట్టింది.

“ఇక్కడ రాయండి” అంది. “ఇతరములు.”